మోకాలి లోతు షెనండోవాలో స్మాల్‌మౌత్ బాస్ వేట: గైడ్‌కి ఐదు స్టార్లు, ఆఫీసుకి రెండు

ముందు డబ్బు లెక్క. వర్జీనియాలో షెనండోవా నది మీద స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం వెళ్లాం. రోజంతా గైడ్, పడవ, రాడ్లు, ఎరలు, మధ్యాహ్నం తిండి కలిపి ఇద్దరికి 450 డాలర్లు. టిప్ 90 ఇచ్చాను. నా ఫిషింగ్ లైసెన్స్ 23 డాలర్లు, వర్జీనియాలో ఉండేవాళ్లకి ఏడాదికి అంతే. మా అబ్బాయికి 14 ఏళ్లు. 16 నిండేదాకా ఇక్కడ పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు. మా ఊరు యాష్‌బర్న్ నుంచి రానూ పోనూ కారుకి గ్యాస్ (పెట్రోలు), దార్లో కాఫీ, వాడికి కొన్న నీళ్ల బూట్లు వేసుకుంటే ఒక్క శనివారానికి 600 దాటింది. నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఏది కొన్నా నా షిఫ్టు గంటల్లోకి మార్చి చూసుకోవడం అలవాటు. ఇంత పెట్టి, అదీ ఆగస్టు చివర్లో, వానల్లేక నది అడుగు రాళ్లు పైకి తేలినప్పుడు వెళ్లడం దండగ కాదా అని మా ఆయన అడిగారు. ఈ రివ్యూ ఆయనకి జవాబు అనుకోండి.

దండగ కాదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడైతే ఎవరి పడవ వాళ్లు వేసుకుని వెళ్లి ఏదో ఒకటి పట్టుకోవచ్చు. నీళ్లు తగ్గాక చేప ఎక్కడ నక్కిందో, దాని దగ్గరికి ఎలా పోవాలో తెలిసిన మనిషి పక్కన లేకపోతే రోజంతా రాళ్ల మీద పడవ ఈడ్చుకోవడమే సరిపోతుంది. మేమిచ్చిన డబ్బంతా ఆ మనిషి తెలివికి ఇచ్చినట్టే. మిగతా ఏర్పాట్ల గురించి నాకు ఫిర్యాదులు ఉన్నాయి, అవీ చెప్తాను.

మేం వెళ్లింది షెనండోవా సౌత్ ఫోర్క్‌కి. పోర్ట్ రిపబ్లిక్ దగ్గర మొదలవుతుంది. ఒకపక్క మసనట్టెన్ కొండ, ఇంకోపక్క బ్లూ రిడ్జ్, రెంటి మధ్యా మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పారుతుంది. అవును, ఉత్తరానికే. ఫ్రంట్ రాయల్ దగ్గర నార్త్ ఫోర్క్‌తో కలిసి, హార్పర్స్ ఫెర్రీ దగ్గర పొటోమాక్‌లో పడుతుంది. మా దారి ఫాస్టర్స్ ల్యాండింగ్ నుంచి బెంటన్‌విల్ దగ్గరున్న లో వాటర్ బ్రిడ్జి దాకా. రోడ్డు చప్పుడు తక్కువ, కొన్నిచోట్ల జాతీయ అడవి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. కాలక్షేపానికి కయాకుల్లో, ట్యూబుల్లో వచ్చేవాళ్లు కూడా ఇదే దారిన పోతారు. వాళ్లు పదింటికి నిద్ర లేచేసరికి మేం సగం దూరం దాటేశాం.

నది ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వాళ్ల గేజ్‌లు, అంటే నీటిని కొలిచే కేంద్రాలు, లూరే దగ్గర ఒకటి, ఫ్రంట్ రాయల్ దగ్గర ఒకటి ఉన్నాయి. ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో, మట్టం ఎంతుందో ఫోన్లోనే చూడొచ్చు. మేం జూన్‌లో బుక్ చేసినప్పుడు బాగానే ఉంది. ట్రిప్ వారంలోకి వచ్చేసరికి ఫ్రంట్ రాయల్ గేజ్ 300 క్యూసెక్కులు, ఆ చుట్టుపక్కల కొట్టుకుంటోంది. అంత వెడల్పు నదికి అది ఏమూలకీ రాదు. మేం బుక్ చేసిన ట్రిప్ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. "ఏం ఫర్వాలేదండీ, చేపలు బ్రహ్మాండంగా పడుతున్నాయి" అని పెట్టేశారు. పడవ మారుతుందని గానీ, మధ్యమధ్య దిగి నడవాలని గానీ, మధ్యాహ్నం త్వరగా ముగిస్తారని గానీ ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ల సైట్‌లో ఉన్న ఫొటోలో గట్టి అడుగున్న పెద్ద డ్రిఫ్ట్ బోట్, తిరిగే కుర్చీలు, నిండు నీళ్లు. అది ఏప్రిల్ ఫొటో అయ్యుంటుంది.

అదృష్టం కొద్దీ గురువారం సాయంత్రం గైడే స్వయంగా ఫోన్ చేశారు. గట్టి పడవ రాదు, గాలి నింపిన ర్యాఫ్ట్ తెస్తాను అన్నారు. దాని అడుగు మెత్తన, రాయి తగిలినా జారిపోతుంది, ముఖ్యంగా చప్పుడు చెయ్యదు. తెల్లవారుజామున 5:45కి రేవు దగ్గరుండాలి, రెండింటికల్లా ఒడ్డెక్కేస్తాం, ఎందుకంటే ఆ తర్వాత నీళ్లు వేడెక్కి చేపకి కష్టం, మనకీ కష్టం. వేళ్లు మూసుకునే బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. తెల్ల చొక్కా వద్దు, ఆకుపచ్చో బూడిద రంగో వేసుకోండి, చేప పైకి చూస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే నా దగ్గర ఉన్నాయి. ఇష్టం లేకపోతే అక్టోబర్‌కి మార్చుకోండి, డబ్బు పోదు. ఇవన్నీ పది నిమిషాల్లో చెప్పేశారు. డబ్బు కట్టించుకున్న ఆఫీసు చెప్పాల్సిన మాటలివి.

స్మాల్‌మౌత్ ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒళ్లు కంచు రంగు, పక్కల నిలువు చారలు, కన్ను ఎర్రగా ఉంటుంది. పై దవడ కంటిని దాటిపోతే దీని దగ్గర చుట్టం లార్జ్‌మౌత్, దాటకపోతే స్మాల్‌మౌత్. రాళ్లు, పారే నీళ్లు, చల్లదనం దీనికి ఇష్టం. రొయ్యకి పీత డెక్కలు తగిలించినట్టుండే క్రేఫిష్ దీని అభిమాన భోజనం. నదుల్లో నిదానంగా పెరుగుతుంది, చేతికి నిండుగా వచ్చే చేప అంటే దాని వెనక చాలా ఏళ్లుంటాయి. చిన్నదైనా సరే గాలానికి తగిలితే నీళ్లలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది. మా వాడికి ఈ పిచ్చి పట్టింది ఆ ఎగురుడు వీడియోలు చూసే.

రేవులో పొగమంచు ఉండగానే ర్యాఫ్ట్ దింపాం. ఎక్కీ ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని, ప్రతి గాలం కొక్కేనికీ ఉండే వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చెయ్యడం. అలా చేస్తే చేప నోట్లోంచి చిటికెలో ఊడుతుంది, మన వేలికి గుచ్చుకున్నా ఊడుతుంది. రెండో పని, థర్మామీటర్ నీళ్లలో పెట్టడం. 74 డిగ్రీల ఫారెన్‌హీట్. ఒక చిన్న నోట్ బుక్కులో రాసుకున్నారు. మందుల ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రాసే నాకు ఆ బుక్కు చూడగానే మనిషి మీద నమ్మకం కుదిరింది.

ఇక నది చదవడం. ఆ ఉదయం నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. నది నిండుగా ఉన్నప్పుడు చేప ఎక్కడైనా ఉండొచ్చు, అంతటా లోతే, అంతటా మరుగే. తగ్గాక తొంభై పాళ్లు పలచటి నీళ్లు, కింద గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు, అక్కడ చేప నిలబడితే కొంగ పొడుచుకుపోతుంది. మిగిలిన కాస్త చోట్లలోనే అన్నీ సర్దుకుంటాయి. ఆ చోట్లు ఏవో తెలిస్తే చాలు, మిగతా నదిని వదిలేసి ముందుకు పోవచ్చు. సౌత్ ఫోర్క్‌లో రాతి పొరలు నదికి అడ్డంగా మెట్లలా పరుచుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే నీళ్లు ఒక గీతలా విరుగుతాయి, ఆ గీత కింద నడుం లోతు గాడి ఉంటుంది. నీళ్లు రాళ్ల మీద గలగలమంటూ దూకి మడుగులోకి పడే చోట ఆక్సిజన్ ఎక్కువ. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కాబట్టి ఎండ పెరిగే కొద్దీ చేపలు ఆ గలగల దగ్గరికి చేరతాయి. మూడోది ఒడ్డున సికమోర్ చెట్ల నీడ, అదీ కింద కనీసం రెండడుగుల నీళ్లుంటేనే. నాలుగోది నది మధ్యలో పెరిగే నాచుగడ్డి తివాచీల మధ్య సందులు.

ఇదంతా ఉపన్యాసంలా చెప్పలేదాయన. "ఇప్పుడు నువ్వు చెప్పు, ఎక్కడ వేస్తావు?" అని మా వాడిని అడిగేవారు. వాడు చూపించిన చోట వెయ్యనిచ్చేవారు. ఏమీ పడకపోతే ఎందుకు పడలేదో వాడిచేతే చెప్పించేవారు. ఎనిమిది గంటలయ్యేసరికి వాడు "అమ్మా, ఆ గీత చూడు, దానికింద ఉంటుంది" అని నాకు పాఠం మొదలుపెట్టాడు. వాడి లెక్కల ట్యూషన్‌కి ఇంతకంటే ఎక్కువే కడుతున్నాం, ఇంత బుర్రకెక్కడం ఎప్పుడూ చూడలేదు.

పలచటి తేట నీళ్లలో ఇంకో ఇబ్బంది, చేప మనకి కనిపించడం కంటే ముందు మనం దానికి కనిపిస్తాం. అందుకని దూరం నుంచి విసరాలి. 6 పౌండ్ల బరువు ఆపే సన్నటి ఫ్లోరోకార్బన్ లైన్ (గాలం తీగ), తేలిక రాడ్. చేప ఉన్న చోటి మీద వెయ్యకూడదు, దాటించి, పైవైపుకి వేసి, ప్రవాహమే ఎరని దాని ముందుకి తెచ్చేలా చూడాలి. ర్యాఫ్ట్‌లో నిలబడొద్దన్నారు, కూర్చుని విసరమన్నారు. నీళ్ల సీసా కింద పడితే ఆయన మొహంలో బాధ కనిపించేది. లంగరుని కూడా ధబీమని వెయ్యలేదు, తాడు చేత్తో పట్టుకుని కొద్దికొద్దిగా దించేవారు. చేపల వేటకి ఓపిక కావాలంటారు గానీ, ఈ రకం వేటకి కావాల్సింది దొంగ నడక.

పొద్దున్న మొదటి రెండు గంటలు నీటి పైన తేలే పాపర్ అనే ఎర వాడాం. సన్నగా, వేలెడంత ఉంటుంది, లాగితే బుడుక్కుమంటుంది. విసిరి, అలలు పూర్తిగా ఆగేదాకా కదపకూడదు. మా వాడికి అదే చేతకాలేదు, పడీ పడగానే లాగేసేవాడు. నీలం రంగు సన్న తూనీగలు నాచు మీద వాలుతుంటే స్మాల్‌మౌత్‌లు నీళ్లలోంచి పూర్తిగా బయటికెగిరి వాటిని గాల్లోనే అందుకుంటున్నాయి. నేను రాడ్ పక్కన పెట్టి అదే చూస్తూ కూర్చున్నాను కొంతసేపు. గైడ్ కూడా తొందరపెట్టలేదు. నాకు నచ్చిన విషయాల్లో అదొకటి: డబ్బులిచ్చారు కదా అని చేపలు పట్టించెయ్యాలన్న ఆరాటం లేదు.

ఎండ నీటి మీద పడ్డాక పాపర్ తీసేసి నెడ్ రిగ్ కట్టారు. పుట్టగొడుగు ఆకారంలో చిన్న సీసం తల, దానికి రెండున్నర అంగుళాల ప్లాస్టిక్ ముక్క, పాకుడు రంగు. చూస్తే ఏమీ ఆనదు. కానీ అడుగున పడ్డాక తోక పైకి లేచి నిలబడుతుంది, బెదిరించడానికి డెక్కలెత్తిన క్రేఫిష్‌లాగే ఉంటుందని చేపకి అనిపించాలి. పెద్ద ఎరలు, మెరిసే ఎరలు ఈ తేట నీళ్లలో చేపని భయపెడతాయట. నా పెద్ద చేప దీనికే పడింది. రాతి మెట్టు కింద గాడిలో, ప్రవాహంతో పాటు దొర్లుతూ వస్తున్న ఎర ఆగిపోయింది. రాయి అనుకున్నాను. "రాయి కాదు, ఎత్తండి" అన్నారు వెనక నుంచి. ఎత్తగానే రాడ్ వంగిపోయింది. రెండుసార్లు పైకెగిరింది, తర్వాత ర్యాఫ్ట్ కిందకి దూరింది. రాడ్ కొసని నీళ్లలో ముంచి అవతలికి తిప్పమన్నారు. వలలోకి వచ్చాక టేపు పెడితే 17 అంగుళాలు. వర్జీనియాలో 20 అంగుళాలు లేదా 5 పౌండ్లు ఉంటే ప్రభుత్వం వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు. నాకు రాలేదు, ఫర్వాలేదు.

మా వాడి సంగతి వేరు. సికమోర్ వేళ్ల కింద నుంచి నాదాని కంటే పెద్దది లేచి ఎరని అందుకుంది. వాడు ఉత్సాహంతో నిలబడి బలంగా లాగాడు. లైన్ తెగింది. గైడ్ ఓదార్చలేదు, తిట్టలేదు. తెగిన కొసని వాడి చేతికిచ్చి వేళ్లతో తడమమన్నారు. గరుగ్గా ఉంది. రాయికి ఒరుసుకుని ముందే సగం తెగిందది. ప్రతి పదిహేను నిమిషాలకీ చివరి రెండడుగులు తడిమి చూసి, గరుకుంటే కత్తిరించి మళ్లీ కట్టుకోమన్నారు. ఆ ముడి వేరే మనిషి కట్టడం ఎందుకని వాడిచేతే కట్టించారు. మిగతా రోజంతా వాడు ఇంచుమించు ప్రతి విసురుకీ లైన్ తడుముతూనే ఉన్నాడు.

మిగిలినవి ఎక్కువ భాగం తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల చేపలే. వాటి మధ్య వేరే జాతి చేపలు, రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్‌లు, ఒక ఫాల్‌ఫిష్. ఎన్ని పట్టామో లెక్క పెట్టలేదు, ఖాళీగా కూర్చున్న సమయం మాత్రం లేదు. ట్రోఫీ చేపలే కావాలి, తక్కువైతే రేటింగ్ తగ్గిస్తాం అనేవాళ్లు ఎండాకాలం రాకండి, వసంతం తొలి రోజుల్లో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు రండి.

గైడ్ కబుర్ల మనిషి కాదు గానీ అడిగితే బాగా చెప్తారు. ఈ చేప అసలు ఈ నదిది కాదట. అప్పలాచియన్ కొండలకి అవతల ఒహాయో నదీ వ్యవస్థది. 1854లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే ఇంజను వెనక ఉండే నీళ్ల ట్యాంకులో ఒక ముప్పై చేపల్ని వీలింగ్ నుంచి కంబర్లాండ్ తీసుకొచ్చి పొటోమాక్ పక్కనున్న కాలువలో వదిలారు. ఆ చేపలతోనే పొటోమాక్ నదిలో స్మాల్‌మౌత్ మొదలైంది. షెనండోవా పొటోమాక్‌లో కలిసేదే కదా. టికెట్ లేకుండా రైలెక్కి వచ్చిన వలసదారులన్నమాట, అని మా వాడు జోకేశాడు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న నాకు నవ్వొచ్చింది, కొంచెం.

బాధ కలిగించే సంగతులూ చెప్పారు. 2004, 2005 వసంతాల్లో ఈ నదీ లోయలో స్మాల్‌మౌత్‌లు, సన్‌ఫిష్‌లు ఒంటి మీద పుళ్లతో పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. ఏళ్ల తరబడి పరిశోధించినా కారణం ఇదొక్కటే అని తేలలేదు. అప్పుడు ఈయన ట్రిప్పులన్నీ ఆపేసి వేరే పని చూసుకున్నారట. ఇప్పుడు చేపలు తేరుకున్నాయి. పైన పొలాల ఎరువు, పశువుల పేడ నీళ్లలోకి రావడం మాత్రం ఆగలేదు, తగ్గిన నీళ్లలో ఆకుపచ్చ నాచు దానివల్లే పెరుగుతుంది. ఒక మలుపులో ఆవులు పొట్ట దాకా నీళ్లలో దిగి నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. వాటి కాళ్ల కింద నుంచి బురద ఒక తోకలా కిందికి సాగింది. ఆ బురద అంచున మా వాడికి మూడు చిన్న చేపలు పడ్డాయి. గైడ్ నవ్వలేదు.

"పులుసుకి రెండు తీసుకురండి" అని మా ఆయన మెసేజ్. కుదరదు. వేన్స్‌బొరోలో ఒక ఫ్యాక్టరీ నుంచి 1929, 1950 మధ్య పాదరసం సౌత్ రివర్‌లోకి పోయింది. సౌత్ రివర్ నీళ్లే ఈ సౌత్ ఫోర్క్‌లోకి వస్తాయి. ఆ పాదరసం అడుగు మట్టిలో ఇంకా ఉంది, పురుగుల్లోంచి చేపల్లోకి ఎక్కుతోంది. ఈ నది చేపలు తినడం మీద రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఉన్నాయి, ముఖ్యంగా గర్భిణులకి, చిన్నపిల్లలకి. ఈ ట్రిప్‌లో అన్నీ వదిలెయ్యడమే పద్ధతి. చేతులు తడుపుకుని పట్టుకోవాలి, ఫొటో తీసేంతసేపే పైకెత్తాలి, బరువైన చేపని దవడ పట్టుకుని వేలాడదీయకూడదు. వదిలేటప్పుడు పారే నీళ్లకి ఎదురుగా పట్టుకుని, దానంతట అది తోక విదిల్చి పోయేదాకా ఆగాలి. ఇంటికెళ్లాక అత్తయ్యగారు వీడియో కాల్‌లో ఫొటోలు చూసి "అదేంటమ్మాయ్, శనివారం చేప ముట్టవుగా, పట్టడానికెలా పోయావు?" అన్నారు. పట్టి వదిలేశానండీ అన్నాను. ఆవిడకి అదింకా వింతగా అనిపించింది.

శనివారం అంటే గుర్తొచ్చింది, తిండి. బుకింగ్ ఫారంలో ఆహార నియమాలు అని గడి ఉంది. ఒకరికి పూర్తి శాకాహారం అని స్పష్టంగా రాశాను. ఐస్ బాక్స్ తెరిస్తే రెండూ టర్కీ కోడి మాంసం శాండ్‌విచ్‌లే. గైడ్ ఆఫీసు ఇచ్చిన డబ్బా తెచ్చారంతే, ఆయనకి తెలియదు. పాపం తన పీచ్ పండ్లు రెండూ నాకిచ్చేశారు. చిప్స్, పీచ్ పండ్లతో మధ్యాహ్నం గడిచింది. ఎండలో ఎనిమిది గంటలు నీళ్ల మీదుండే మనిషికి అది భోజనం కాదు. నీళ్లు, ఎలక్ట్రోలైట్ పొడి మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

నడక గురించి. ర్యాఫ్ట్ ఎంత తేలికైనా కొన్ని చోట్ల దాని అడుగు నేలకి ఆనుతుంది, అప్పుడు దిగాల్సిందే. చీలమండల నుంచి మోకాలి దాకా నీళ్లు, కింద పాకుడు రాళ్లు. ఆయన తాడు పట్టుకుని లాగుతారు, మనం పక్కన నడవాలి. కాళ్లు ఈడుస్తూ, ఒకటి ఆనాకే ఇంకోటి ఎత్తుతూ నడవమని నేర్పించారు. లోతున్న చోట మా వాడికి లైఫ్ జాకెట్ బిగించి చూసుకునేవారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తగ్గిన నదికి తీసుకురాకండి. నిండు నీళ్లప్పుడు కుర్చీ పడవలో అయితే హాయిగా కూర్చుంటారు.

ఆడవాళ్లకి ఒక మాట, ఏ రివ్యూలోనూ నాకు దొరకలేదు కాబట్టి రాస్తున్నాను. దారి పొడవునా టాయిలెట్ లేదు. ఒడ్డు చాలా చోట్ల ప్రైవేటు స్థలం, ఎక్కడపడితే అక్కడ ఎక్కకూడదు. నేను అడక్కముందే ఆయన అడవి ఉన్న చోట ర్యాఫ్ట్ ఆపి, "మేమిద్దరం అవతల రాళ్ల దగ్గర క్రేఫిష్‌లు వెతుకుతాం, ఇరవై నిమిషాలు పడుతుంది" అని మా వాడిని తీసుకుని వెళ్లిపోయారు. టిప్ ఇరవై శాతం ఇవ్వడానికి ఒక కారణం ఇది.

ఒంటి గంటకి థర్మామీటర్ 82 చూపించింది. నీడలో ఇంకా చేపలు కొడుతూనే ఉన్నాయి. మా వాడు ఇంకో అరగంట అని బతిమాలాడు. కుదరదన్నారు. ఈ వేడిలో అలిసిపోయిన చేప ఈదుకుంటూ వెళ్లినట్టే వెళ్లి తర్వాత చచ్చిపోవచ్చు. రాడ్లు మడిచేసి తెడ్లు అందుకున్నారు. మిగిలిన దూరం ఊరికే పడవ ప్రయాణం. కొందరికి డబ్బు కోసినట్టు అనిపించవచ్చు, నాకైతే అనిపించలేదు. అయితే ఎండాకాలం పూర్తి రోజు అని అమ్మి ఎనిమిది గంటల్లోనే ముగించేటప్పుడు ఆ మాట రేటు పక్కనే రాయాలి.

తిరిగొచ్చాక ఆఫీసుకి ఈ విషయాలన్నీ ఈమెయిల్ చేశాను. శాండ్‌విచ్‌కి క్షమాపణ, తర్వాతి ట్రిప్‌కి 25 డాలర్ల కూపన్ పంపారు. సైట్‌లో ఫొటో గురించి, తగ్గిన నీళ్ల సమాచారం గురించి జవాబు లేదు. నేను రాసేనాటికి ఆ ఏప్రిల్ ఫొటో అక్కడే ఉంది.

మీరు ఎవరి దగ్గర బుక్ చేసినా సరే, డబ్బు కట్టే ముందు గైడ్‌తో నేరుగా మాట్లాడించమని అడగండి. ఏ గేజ్ చూస్తారు, ఎన్ని క్యూసెక్కుల కింద ఏ పడవ తెస్తారు, నీళ్లు ఎంత వేడెక్కితే ఆపేస్తారు, తేదీ మార్చుకుంటే డబ్బు ఏమవుతుంది, ఈ నాలుగూ అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే కట్టేయండి. మేం అక్టోబర్‌కి అదే గైడ్ పేరు చెప్పి బుక్ చేశాం, కూపన్ వాడుకున్నాం. ఆహార నియమాల గడిలో ఈసారి ఏమీ రాయలేదు, పులిహోర కట్టుకుపోతున్నాం.